ఒక్క కూత

నిల్వ డబ్బాకి తాళం పడిన మరుక్షణమే హైమవతి భర్త సత్తిరాజు కొత్త పెళ్లికొడుకైపోయాడు, కూతురు ప్రణతి అంచులన్నీ మసకబారిపోయింది. కాకినాడ జగన్నాథపురంలో ఇదేమంత వింత సంగతి కాదు. ఇంటింటికీ ఒక డబ్బా ఉంది. చెప్పుల పెట్టెంత ఉంటుంది, నల్లగా ఉంటుంది, టీవీ పక్కన వైఫై పెట్టెకి తీగతో కట్టేసి ఉంటుంది. ఇంట్లో తీసిన ప్రతి ఫొటో, ప్రతి వీడియో వెళ్లి అందులో పడతాయి. ఒకే సంగతి డబ్బాలోనూ ఉండి, మనిషిలోనూ ఉండటం స్థలం దండగని నిల్వల ఆఫీసు వారు ఏనాడో తేల్చారు. అందుచేత డబ్బాలోకి ఎక్కిన మనుషుల సంగతులు డబ్బాలోనే ఉంటాయి. డబ్బా తెరుచుకోకపోతే, తెరుచుకునేదాకా అవి జరగనట్టే లెక్క. కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది కదా, అలాగే.

ఎవరూ కంగారుపడరు. హైమవతి పడింది.

కంగారు ఆమెకి ఊపిరితో సమానం. గేటు చప్పుడైతే టెలిగ్రామనుకునేది, టెలిగ్రాములు పోయాక కూడా. కూతురు బస్సు దిగడం ఆలస్యమైతే బస్సు కాలవలో పడినట్టు, వల వేసి తీస్తున్నట్టు, తను ఏ చీరలో ఉండగా కబురొచ్చిందో అంతా కళ్లముందు కట్టేది. కుక్కర్ పెడితే మొదటి కూతకే ఒక్క దూకున వెళ్లి పొయ్యి ఆపేసేది. రెండో కూత కూస్తే మూత ఎగిరి పైకప్పుకి తగులుతుందని ఆమెకి గట్టి నమ్మకం. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో పప్పు బద్దబద్దగానే ఉంటూ వచ్చింది. సత్తిరాజు రోజూ సణిగేవాడు. "పప్పు తింటున్నానా, శనగలు నములుతున్నానా?" అనేవాడు.

ఈ తాళం పడటం కూడా ఆమె కంగారు వల్లే. దొంగలు ఇప్పుడు గోడలు దూకడం లేదని, పాస్‌వర్డుల్లోంచి దూరుతున్నారని టీవీలో విని, మొగుడి వెంట పడింది.

"ఎవ్వరూ కనిపెట్టలేంది పెట్టండి. మీ అమ్మ పేరూ, మన పెళ్లిరోజూ కాదు. ఎవ్వరూ అంటే ఎవ్వరూ!"

సత్తిరాజు ఎవ్వరూ కనిపెట్టలేంది పెట్టాడు. మర్నాడు కరెంటు పోయి వచ్చాక డబ్బా పాస్‌వర్డ్ అడిగింది. అతను కొట్టాడు, తప్పంది. పెద్దక్షరాలు మార్చి కొట్టాడు, తప్పంది. "ఇదే, ఇదే, నాకు తెలీదా!" అంటూ పళ్లు బిగించి కొడుతూనే పోయాడు. ఇక చాలని డబ్బా మూసుకుంది, ఎర్రదీపం వెలిగింది.

సత్తిరాజు చేతులు వొళ్లో పెట్టుకుని, సోఫా చివరికి జరిగి, మోకాళ్లు దగ్గరగా చేర్చి కూర్చున్నాడు. బట్టతల తడుముకుని ఆశ్చర్యపోయాడు. హైమవతి వైపు ఓరగా చూసి సిగ్గుపడ్డాడు.

"మావగారు కనబడరేంటండీ?" అన్నాడు.

మావగారు పోయి ఆరేళ్లైంది. ఇందులోనూ లెక్క తప్పలేదు. వాళ్ల పెళ్లినాటికి రీలు కెమెరాలు. పెళ్లి ఆల్బమ్ కాగితం మీద ఉంది, బీరువాలో చీరల కింద ఉంది. డబ్బాకి దాంతో పని లేదు. కాబట్టి సత్తిరాజుకి మూడు ముళ్ల దాకా అంతా ఉంది, ఆ తరవాతది లేదు. పాస్‌వర్డ్ పెట్టింది ఆ తరవాతే కాబట్టి అదీ లేదు. ప్రణతికైతే పుట్టిన క్షణం నుంచీ అంతా డబ్బాలోనే. బయట మిగిలింది పిల్ల కాదు, పిల్ల తాలూకు చిన్న నమూనా బొమ్మ. దూరం నుంచి చూస్తే ప్రణతే. దగ్గరికి వెళ్లేకొద్దీ కనుబొమలు, నుదురు, గోడ కలిసిపోయేవి.

"అమ్మా, ఆకలే" అంది ప్రణతి, గుమ్మంలో నిలబడి. అక్కడ ఆగిపోయింది. నమూనాలో మాట అంతవరకే పడుతుంది.

హైమవతికి మాత్రం ఏమీ కాలేదు. వేళ్లు చూసుకుంది, ముక్కు తడిమి చూసుకుంది. అద్దంలో ముక్కుపుడక రాయితో సహా స్పష్టంగా ఉంది. శుక్రవారం ఉపవాసాలు ఊరికే పోలేదనుకుంది.

పక్కింటి మంగతాయారు గారు సంగతి తెలిసి కాజాలు పట్టుకొచ్చింది. కొత్తల్లుడున్న ఇంటికి వట్టి చేతులతో రాకూడదు.

"బెంగపడకు హైమా. మాకూ పోయినేడు అయింది కదా! రీసెట్ నొక్కేశాం. కాపోతే నేను కుక్కర్‌ని మూడు కూతలు కూయించే మనిషిని. అలవాటు చొప్పున నొక్కి పట్టుకున్నాను, రెండో కూత కూడా కూసేసింది."

"అప్పుడేమైందండీ?"

"ఏముందీ, మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. శుభ్రంగా ఉంది ఇల్లు. ఇప్పుడున్నాయన ఎవరో మరి, మంచాయనే. కూరలు తెస్తాడు."

"పిల్లలు?" అంది హైమవతి.

"ఉండేవారటే. వంటింటి గోడమీద పొడుగు కొలిచిన గీతలున్నాయి. గీతల్ని బట్టి ఇద్దరనిపిస్తుంది. ఒకటి నా భుజం దాకా ఉంది, ఒకటి మొలదాకా." మంగతాయారు గారు కాజా కొరికింది. "సున్నం వేయించుదామనుకుంటున్నాను. తీరిక చిక్కడం లేదు."

హైమవతి ఆ మధ్యాహ్నమే నిల్వల ఆఫీసుకి పరిగెత్తింది. అక్కడ రెండు వరసలున్నాయి. ఇంట్లో కొంత మిగిలిన వారిది ఒకటి, ఏమీ మిగలని వారిది ఒకటి. రెండో వరసలో జనం ప్రశాంతంగా ఉన్నారు, ఒకరి టిఫిను ఒకరు తింటున్నారు. హైమవతి సంగతి తనిఖీదారు జోగారావుకి చేరింది. మర్నాడు ఉదయం ఆయన మోపెడ్ మీద వచ్చాడు. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, ప్రణతిని వెలుతురులోకి రమ్మని చూశాడు. బట్టలకొట్టువాడు నేత చూసినట్టు చూశాడు.

"పిల్ల డబ్బాలో క్షేమంగానే ఉందమ్మా. తాళం పడింది గదికి. గదిలో సామాను ఎక్కడికీ పోదు."

హైమవతికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "క్షేమంగా ఉందా? అన్నీ ఉన్నాయా? చిన్నప్పుడు కాలు కాలింది, ఆ మచ్చతో సహా ఉందా?"

"ఫొటో తీసుంటే ఉంటుందండి. కాపోతే ఈ బయటున్న నమూనాలు, వీటిని ఆదివారం నాడు తుడిచేస్తారండి. స్థలం కోసం. ఆ లోపున తెరుచుకుంటే లోపలున్న పిల్ల దీనికి అతుక్కుంటుంది. తరవాత తెరిస్తే పిల్ల ఉంటుంది గానీ, తొడుక్కోడానికి ఏమీ ఉండదు."

ఆయన డబ్బాని వెనక్కి తిప్పాడు. వెనక ఒక మూల సూదిమొన పట్టేంత రంధ్రం ఉండాలి. లేదు. అక్కడ పసుపూ గంధమూ కలిసి గట్టిగా ఎండిపోయి ఉన్నాయి. కిందటి దసరాకి ఆయుధపూజ నాడు స్కూటర్‌కీ, మిక్సీకీ, కుట్టుమిషన్‌కీ పెట్టినట్టే హైమవతి డబ్బాకీ ముందూ వెనకా గంధం రాసి బొట్టు పెట్టింది. దాని అందమైన చోటు అదేననుకుంది.

"పూడుకుపోయింది," అన్నాడు జోగారావు.

"అయ్యో! నా చేత్తో నేనే!" హైమవతి చేతులు రెండూ నెత్తిన పెట్టుకుంది.

"పర్లేదండి. ఈ వీధిలో అందరిదీ ఇంతే. గోకితే వచ్చేస్తుంది." ఆయన మామూలుగా, బియ్యం నానబెట్టడం చెప్పినంత తాపీగా చెప్పాడు. "ఈ రంధ్రంలో సూది పెట్టి నొక్కాలి. నొక్కి పట్టుకోవాలి. ఒక కూత కూస్తుంది. కూయగానే వదిలేయాలి. అప్పుడు పాస్‌వర్డ్ ఒక్కటే పోతుంది, సామాను సామానుగానే ఉంటుంది. కూత కూయకముందే వదిలితే ఏమీ కాదు. రెండో కూత దాకా పట్టుకుంటే..." ఆయన మంగతాయారు గారి గోడ వైపు తల ఊపాడు.

"ఒకటికీ రెండుకీ మధ్య ఎంతుంటుందండీ?"

"ఊపిరి తీసి వదిలేంత. ఒక్కో డబ్బాకి అది కూడా ఉండదు."

"మీరు నొక్కండి బాబూ, మీ కాళ్లు పట్టుకుంటాను."

"ఇంట్లో మనిషే నొక్కాలండి. అందులోనూ స్పష్టంగా ఉన్న మనిషి నొక్కాలి. డబ్బాలో ఉన్నవాళ్లు నొక్కితే వాళ్లను వాళ్లే నొక్కుకున్నట్టవుతుంది." జోగారావు ఆమెని పరకాయించి చూశాడు. "మీరు బాగా స్పష్టంగా ఉన్నారు. ఇంత స్పష్టమైన మనిషిని నేనీ మధ్య చూళ్లేదు."

హైమవతి కొంగు సర్దుకుంది. ఎవరైనా తనని మెచ్చుకుని చాలా కాలమైంది.

శనివారం పొద్దున్నే ముహూర్తం కుదిరింది. ఈలోగా రోజులు గడవాలి కదా. ప్రణతి నమూనా కాలేజీకి వెళ్లింది. రిజిస్టర్‌లో "మసకగా హాజరు" అని వేశారు. బస్సులో కండక్టరు సగం టికెట్టు కొట్టాడు. ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి "అమ్మా, ఆకలే" అనేది. హైమవతి కంచం పట్టుకెళ్లేది. ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే, నోరెక్కడుందో తెలిసేది కాదు. ముద్ద చేతిలోనే చల్లారిపోయేది.

సత్తిరాజు మాత్రం రెండోరోజుకి అలిగాడు. గోడవైపు తిరిగి పడుకుని, పెళ్లిలో ఒప్పుకున్న వాచీ ఇంకా రాలేదన్నాడు. హైమవతి బీరువా తీసి, తన తండ్రి అప్పట్లో పెట్టిన, బెల్టు చీలిపోయిన ఆ వాచీనే తుడిచి తెచ్చి ఇచ్చింది. అతను లేచి కూర్చుని, చెవి దగ్గర పెట్టుకుని, ఆడకపోయినా మురిసిపోయాడు.

"మావగారు మాట నిలబెట్టుకున్నారండి!"

అన్నం పెడితే చేయి కడుక్కుని బుద్ధిగా కూర్చున్నాడు. పప్పు కలుపుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు పెద్దవి చేశాడు.

"పప్పు బద్దబద్దగా భలే ఉందండి. మా ఇంట్లో మెత్తగా పేస్టులా చేసేస్తారు. మీరే చేశారా?"

"నేనే."

"మరి మీరు తిన్నారా?"

హైమవతి గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. తరవాత వంటింట్లోకి వెళ్లి, పీట మీద కూర్చుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. అంతలోనే, ఇంత నవ్వితే ఏం మూడుతుందోనని భయపడి ఆపేసింది. ఆ సాయంత్రం ఆమె తలలో మల్లెపూలు పెట్టుకుంది. ఎందుకంటే ఏం చెప్పాలో తెలీక, పూలమ్మి బలవంతం చేసిందని మంగతాయారు గారికి చెప్పింది.

ఒక్క నిమిషం, ఒక్కటంటే ఒక్కటే, తాళం అలాగే ఉంటే ఏమవుతుందన్న ఆలోచన వచ్చింది. వెంటనే గుమ్మంలోంచి "అమ్మా, ఆకలే" అని వినబడింది. హైమవతి చెంపలు వేసుకుంది.

శనివారం వీధంతా దిగింది. కుర్చీలు వాళ్లే తెచ్చుకున్నారు. క్రికెట్ ఫైనల్‌కి కూడా అంతమంది రాలేదు. చంటిపిల్లల తల్లులు ముందు వరస. ఒకటో కూతకి వదులుతుందని కొందరు, వదలదని కొందరు. "హైమ కుక్కర్ చూళ్లేదా మీరు! కచ్చితంగా వదిలేస్తుంది," అని ఒకావిడ. "కూత రాకముందే వదిలేస్తుందేమో అని నా భయం," అని ఇంకొకావిడ. మంగతాయారు గారింట్లో ఉంటున్న ఆయన అందరికీ టీలు పోశాడు.

"ఎవరైనా తుమ్మారో, ఊరుకోను," అన్నాడు జోగారావు. ఇద్దరు ముక్కులు పట్టుకున్నారు.

హైమవతి తలంటి పోసుకుని వచ్చింది. గాజులకి గుత్తిగా వేలాడుతున్న పిన్నీసుల్లోంచి ఒకటి తీసింది. దాని మొనతో ఎండిన గంధాన్ని గోకింది. పసుపు పొడి రాలి, కింద నల్లటి రంధ్రం కనబడగానే వీధంతా "హా" అంది. సత్తిరాజు ఫోన్ దీపం పట్టుకుని ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మీ చెయ్యి వణుకుతోందండి," అన్నాడు మెల్లగా. "నేను పట్టుకోనా?"

"వద్దు. మీరు పట్టుకుంటే మీరూ పోతారు."

"పోతే పోయాను. మీరు భయపడుతుంటే చూడలేకుండా ఉన్నానండి."

హైమవతి అతని వైపు చూసింది. బాగా చూసుకుంది. తరవాత గుమ్మం వైపు చూసింది. ప్రణతి నిలబడి ఉంది, అంచులు తలుపులో కలిసిపోతూ.

పిన్నీసు లోపలికి దిగింది. అడుగున ఏదో మెత్తగా తగిలింది. నొక్కింది.

ఏమీ లేదు. ఫ్యాను తిరుగుతోంది. ఎవరిదో టీ కప్పు చప్పుడైంది. కూత రాదేమో. వచ్చేసిందేమో, తనకి వినబడలేదేమో. చెవులు పోయాయేమో. ఇప్పటికే రెండు కూతలూ అయిపోయి, అందరూ జాలిపడి చెప్పకుండా ఊరుకున్నారేమో. పెద్ద గీత, చిన్న గీత, సున్నం. వేలు తిమ్మిరెక్కింది. వదలాలి. వదలకూడదు.

కూ...

ఆ కూత ఇంకా పూర్తిగా కూయనే లేదు. హైమవతి పిన్నీసుతో సహా వెనక్కి ఎగిరి, సోఫాకి కొట్టుకుని కూర్చుంది. ఎన్నేళ్లుగానో పొయ్యి దగ్గరికి దూకిన ఆ దూకు, ఈసారి వెనక్కి దూకింది.

వీధంతా ఊపిరి బిగబట్టింది. రెండోది రాలేదు. ఇంకా రాలేదు. డబ్బా లోపల ఏదో గిర్రున తిరిగి, ఎర్రదీపం ఆరి, ఆకుపచ్చది వెలిగింది.

"...స్తోందే! ఎన్నిసార్లు చెప్పాలి, ఏం వండావ్?" అంది గుమ్మంలోంచి ప్రణతి.

అరుపులు, చప్పట్లు, ఎవరో ఈల వేశారు. హైమవతి పిల్ల మొహం రెండు చేతుల్లోకి తీసుకుని కనుబొమలు తడిమింది, చెవి తడిమింది, కాలు ఎత్తించి మచ్చ చూసుకుంది. "అబ్బ, వదులమ్మా! అందరూ చూస్తున్నారు!" అని ప్రణతి విదిలించుకుంటే, ఆ విదిలింపు కూడా ఎంత స్పష్టంగా ఉందో చూసి మళ్లీ ఏడ్చింది. మంగతాయారు గారు అందరికంటే ఎక్కువ గట్టిగా చప్పట్లు కొట్టింది, కొట్టి కొట్టి, చేతుల వైపు చూసుకుంది.

సత్తిరాజు మోకాళ్లు పట్టుకుని లేచాడు.

"ఏంటీ సంత? నా ఫోన్ దీపం ఎవరు వేశారు, చార్జింగ్ అయిపోద్ది! ఈ పాడు వాచీ నా చేతికెందుకుందీ?" అని, చుట్టూ చూసి, "హైమా, కాఫీ," అన్నాడు.

"ఆ, పెడతానండి," అంది హైమవతి.

జనం కుర్చీలు ఎత్తుకుని వెళ్లిపోయారు. సామాను పూర్తిగా ఉందో లేదో సరిచూడటం ఆఫీసు నియమం. జోగారావు కొత్త పాస్‌వర్డ్ పెట్టి, ఫొటోలన్నీ టీవీ మీద వేశాడు. ప్రణతి ఉయ్యాల్లో. ప్రణతి మొదటి అడుగు, సత్తిరాజు చేతులు చాచి. ఉప్పాడ తీరంలో ఇద్దరూ తడిసిపోయి. అన్నవరం మెట్లమీద ఇద్దరూ. రైల్లో పులిహోర తింటూ ఇద్దరూ. కాలు కాలి కట్టు కట్టుకుని ప్రణతి, పక్కన సత్తిరాజు.

"అన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు," అన్నాడు జోగారావు.

హైమవతి కాఫీ గ్లాసు పట్టుకుని టీవీకి దగ్గరగా వచ్చింది. "మరి నేనేవండీ?"

"మీరు లేరమ్మా."

"అలా ఎలా అవుతుందండీ! ఉప్పాడ వెళ్లింది ముగ్గురం. పులిహోర నేనే చేశాను."

"తీసిందెవరు?"

"నేనే."

"అదేనండి." జోగారావు అన్నవరం ఫొటో పెద్దది చేశాడు. మెట్లమీద సత్తిరాజు, ప్రణతి కాళ్ల దగ్గర ఒక నీడ పడి ఉంది. మోచేతులు రెండూ పైకెత్తి, ఏదో పట్టుకున్నట్టు. "ఇది మీదే అయ్యుంటుంది. కానీ నీడలు లెక్కలోకి రావండి. మీరు అంత స్పష్టంగా ఉంది అందుకే. లోపల లేనివాళ్లకి తాళం పడేదేం ఉంటుంది? ఇంటికొకరు ఇలా మిగులుతారు. వాళ్లు లేకపోతే మా ఆఫీసు నడవదు." ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. కాఫీ తాగి, చెప్పులు తొడుక్కుని వెళ్లాడు.

సత్తిరాజు పప్పు కలుపుకుని "మళ్లీ శనగలే," అన్నాడు. హైమవతి గరిటె పట్టుకుని కొంచెంసేపు పక్కనే నిలబడింది. అతను ఇంకేమీ అడగలేదు. పెరుగు అడిగాడు.

తిన్నాక ప్రణతికి హుషారొచ్చింది. ఇంత గొడవ దాటాక ఒక ఫొటో ఉండాలంది. నాన్నని వాకిట్లోకి లాగింది. "అమ్మా, ఈసారి నువ్వూ రా. చెయ్యి చాచి నేనే తీస్తాను. నువ్వు ఒక్కదాంట్లోనూ లేవట కదా, జోగారావు గారు చెప్పారు."

"రావే, రా," అన్నాడు సత్తిరాజు కూడా.

హైమవతి చేతిలో కంచాలు గుమ్మం పక్కన దించింది. కొంగుతో మొహం తుడుచుకుని, జుట్టు సర్దుకుని, వాళ్లిద్దరి మధ్య చోటుదాకా వచ్చేసింది. ప్రణతి భుజం తన భుజానికి తగిలింది, వెచ్చగా. ఫోన్ తెరమీద మూడు మొహాలు పట్టాయి. అప్పుడు పక్కింటి కిటికీలోంచి మంగతాయారు గారి వంటింటి గోడ కనబడింది. గీతలు రెండూ ఉన్నాయి, ఒకటి భుజం దాకా, ఒకటి మొలదాకా. మళ్లీ కరెంటు పోతుంది. మళ్లీ ఈయన పళ్లు బిగించి కొడతాడు. అప్పుడు పిన్నీసు పట్టుకోడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

"ఇలా తే," అంది, పిల్ల చేతిలోంచి ఫోన్ తీసుకుని. "మీరిద్దరూ నిలబడండి. నీకు తీయడం రాదు, వణికిస్తావ్."

"అమ్మా!"

"నిలబడమన్నానా! నాన్న దగ్గరికి జరుగు. ఇంకా. నవ్వు."

వాళ్లు నవ్వారు. ఎండ ఆమె వీపు వెనకనుంచి పడుతోంది. తెరలో ప్రణతి కాళ్ల దగ్గర నల్లగా ఏదో కనబడితే, ఏమిటా అని చూసుకుని, హైమవతి నీడ పడకుండా ఒక అడుగు పక్కకి జరిగింది.